న్యూరోసైన్స్, సైకాలజీ కలిపి డిగ్రీ చదవొచ్చా? గుంటూరు బైపీసీ అమ్మాయికి నా సమాధానం

చెల్లీ, నీ ప్రశ్న నిదానంగా చదివాను. ఇంటర్ బైపీసీ అయిపోవచ్చింది. మెదడు గురించీ మనసు గురించీ చదవాలని ఉంది. ఇంగ్లండ్‌లో ఈ రెండూ కలిపి మూడేళ్ల బీఎస్సీ ఉందని తెలిసి దరఖాస్తు కూడా పెట్టావు. నాన్నగారేమో నీట్‌కి ఇంకో ఏడాది లాంగ్‌టర్మ్ కూర్చోమంటున్నారు. నీకున్న సందేహాలు: ఈ రెండూ కలిపి చదివితే రెంటికీ చెడ్డ రేవడి అవుతానా, పదో తరగతితో లెక్కలు వదిలేసినదాన్ని నెగ్గుకు రాగలనా, తర్వాత ఏ పని దొరుకుతుంది, అంత దూరం వెళ్లకుండా మన దగ్గరే దారి ఉందా.

నేనూ గుంటూరులోనే బైపీసీ చదివాను. డిగ్రీలో జువాలజీ, పీజీలో సైకాలజీ, తర్వాత క్లినికల్ సైకాలజీలో ఎంఫిల్. చాలా ఏళ్లుగా విజయవాడ సూర్యారావుపేటలో న్యూరాలజీ డాక్టర్ల పక్కన పని చేస్తున్నాను. పక్షవాతం వచ్చినవాళ్లకు, తలకు దెబ్బ తగిలినవాళ్లకు, మతిమరుపు మొదలైనవాళ్లకు జ్ఞాపకశక్తి, ధ్యాస, భాష ఎలా ఉన్నాయో పరీక్షించడం నా పని. డిగ్రీ పిల్లలకు పాఠాలు కూడా చెబుతాను. అంటే నువ్వు కలిపి చదవాలనుకుంటున్న రెండింటినీ నేను విడివిడిగా చదివి, పనిలోకి వచ్చాక కలుపుకున్నాను.

ముందు సూటిగా చెప్పేస్తాను. చదవొచ్చు, చదవదగ్గ చదువే. కానీ ఈ డిగ్రీ పూర్తయిన రోజున నువ్వు సైకాలజిస్టువీ కావు, న్యూరాలజిస్టువీ కావు. ఏ వైపు వెళ్లాలన్నా దీని మీద ఇంకో చదువు తప్పదు. ఆ తర్వాతి రెండేళ్లకో ఐదేళ్లకో డబ్బు, ఓపిక ఎక్కడి నుంచి వస్తాయో ఇప్పుడే లెక్క వేసుకుని దిగినవాళ్లకు ఇది గొప్ప పునాది. ఆ లెక్క వేసుకోకుండా కోర్సు పేరు చూసి చేరినవాళ్లు మూడో ఏడాదిలో బెంగపడటం చూశాను.

కలిపి ఎందుకు చదవాలో నా గదిలోంచే ఒకటి చెబుతాను. మిర్చి వ్యాపారం చేసే ఒక పెద్దాయనకు మెదడు కుడి భాగంలో రక్తప్రసరణ ఆగి పక్షవాతం వచ్చింది. చెయ్యి కొంచెం బలహీనపడింది గానీ మాట స్పష్టంగా ఉంది, కంటి పరీక్షలో చూపూ బాగానే ఉంది. ఇంటివాళ్ల బాధ వేరు. ‘ఎడం పక్కన కోడలు కూర్చుంటే పలకరించరు. కంచంలో సగం అలాగే వదిలేసి, కూర వెయ్యలేదని కోప్పడతారు. ఆసుపత్రి నుంచి వచ్చాక మనిషి మొండికేశారు మేడమ్’ అన్నారు.

ఆయన చేతికి కాగితం, పెన్సిలు ఇచ్చి గడియారం బొమ్మ వెయ్యమన్నాను. సున్నా చక్కగా చుట్టారు. అంకెలు మాత్రం పన్నెండూ కుడి సగంలోనే ఒకదాని మీద ఒకటి ఇరికించారు. ఎడమ సగం ఖాళీ. ‘అయిపోయిందాండీ?’ అంటే, ‘అయిపోయిందమ్మా’ అని కాగితం నా వైపు జరిపారు. అడ్డగీత ఒకటి గీసి సరిగ్గా మధ్యలో గుర్తు పెట్టమంటే, కుడి చివరకు దగ్గరగా పెట్టారు. మధ్యాహ్నం భోజనం దగ్గర నేనే కంచాన్ని సగం చుట్టు తిప్పాను. ‘ఇప్పుడా వేసేది కూర?’ అంటూ మిగిలినదంతా తిన్నారు.

దీన్ని హెమీనెగ్లెక్ట్ అంటాం. మెదడు కుడి వైపు, ముఖ్యంగా నడినెత్తికి వెనక వైపు ఉండే పెరైటల్ భాగం దెబ్బతిన్నప్పుడు ఎక్కువగా వస్తుంది. ఎడమ వైపు కంటికి కనపడక కాదు, ఆ వైపు అనేది ఒకటి ఉందని ధ్యాసకు అందకపోవడం. 1978లో ఇటలీలోని మిలాన్‌లో బిసియాక్, లుజ్జాటి అనే ఇద్దరు ఇలాంటి రోగులను ఆ ఊరి కెథెడ్రల్ (పెద్ద చర్చి) కూడలిని ఊహించుకోమన్నారు. కూడలికి ఒక చివర, కెథెడ్రల్‌కు ఎదురుగా నిలబడ్డట్టు ఊహించుకుని చుట్టూ ఉన్న భవనాలు చెప్పమంటే, కుడి వైపువే చెప్పారు. ఇప్పుడు కెథెడ్రల్ మెట్ల మీద ఇటు తిరిగి నిలబడ్డట్టు ఊహించుకోమన్నారు. ఇందాక వదిలేసిన భవనాలన్నీ చెప్పి, ఇందాక చెప్పినవాటిని వదిలేశారు. మన బీసెంట్ రోడ్డునే అనుకో. ఒక చివర నుంచి తలుచుకుంటే ఒక వరస దుకాణాలే గుర్తొచ్చి, రెండో చివర నుంచి తలుచుకుంటే రెండో వరసే గుర్తురావడం అన్నమాట. జ్ఞాపకంలో అన్నీ ఉన్నాయి. ఊహలోని ఎడమ వైపుకు కూడా ధ్యాస వెళ్లడం లేదు.

ఇందులో ఏది న్యూరోసైన్స్, ఏది సైకాలజీ? దెబ్బ ఎక్కడుందో స్కాన్ చూపించింది. ఆ దెబ్బకు ఆయనలో ఏ పని ఆగిపోయిందో తేల్చింది మాత్రం పెన్సిలు, కాగితం, సరిగ్గా అడిగిన ప్రశ్న. ధ్యాస అంటే ఏమిటి, దాన్ని ఎలా కొలవాలి అని సైకాలజీ వాళ్లు దశాబ్దాలు కుస్తీ పట్టారు కాబట్టే ఆ ప్రశ్న మన చేతిలో ఉంది. మెదడు భాగాల పేర్లు మాత్రమే తెలిసినవాళ్లు ‘కుడి పెరైటల్ దెబ్బ’ దగ్గర ఆగిపోతారు. ప్రవర్తన మాత్రమే చదివినవాళ్లు ‘డిప్రెషన్ ఏమో, కోడలి మీద కోపమేమో’ అని పొరపడతారు. ఆ రోజు ఆ ఇంట్లో గొడవ తగ్గింది రెండూ కలవడం వల్లే. మావగారు అలగలేదు, ఆమె కూర్చున్న వైపు ఆయనకు అందడం లేదని చెప్పాక ఆ కోడలు అక్కడే ఏడ్చేసింది.

ఇంకొకటి, నీ వయసు పిల్లలు రోజూ వినే మాట, డోపమైన్. అది ఆనందం ఇచ్చే రసాయనమనీ, ఫోన్ వల్ల అది అయిపోతుందనీ, ‘డిటాక్స్’ చెయ్యాలనీ తెలుగు యూట్యూబ్‌లో బోలెడు వీడియోలు ఉన్నాయి. అసలు కథ ఇంకా అందంగా ఉంటుంది. జంతువులు ఎలా నేర్చుకుంటాయో వివరించడానికి 1972లో రెస్కోర్లా, వాగ్నర్ అనే ఇద్దరు సైకాలజిస్టులు ఒక చిన్న సమీకరణం రాశారు. ఆశించినదానికీ నిజంగా అందినదానికీ ఎంత తేడా ఉంటే అంత నేర్చుకుంటాం, తేడా లేకపోతే నేర్చుకోవడం ఆగిపోతుంది అని దాని సారం. అప్పటికి వాళ్ల దగ్గర మెదడు లోపలి సాక్ష్యమేమీ లేదు, ప్రవర్తన చూసి కట్టిన లెక్క అది. తర్వాత వోల్ఫ్రమ్ షుల్ట్జ్ అనే న్యూరోసైంటిస్టు కోతుల మెదడులో డోపమైన్ కణాలను ఒక్కొక్కటిగా రికార్డు చేశాడు. అనుకోకుండా పళ్లరసం చుక్క దొరికితే కణం చురుగ్గా స్పందించింది. రసానికి ముందు దీపం వెలుగుతుందని కోతికి అలవాటయ్యాక, దీపానికే స్పందించి రసానికి మామూలుగా ఉండిపోయింది. దీపం వెలిగీ రసం రాకపోతే, రావలసిన క్షణంలో సరిగ్గా ఆ కణం నెమ్మదించింది. అంటే అది ఆనందాన్ని కొలవడం లేదు, ఆశకూ అందినదానికీ మధ్య తేడాను కొలుస్తోంది. 1997లో షుల్ట్జ్, డయాన్, మాంటేగ్ దీన్ని ఒక లెక్కగా రాసినప్పుడు, సైకాలజిస్టులు పాతికేళ్ల క్రితం ఊహించిన రూపానికి అది దగ్గరగా వచ్చింది. కంప్యూటర్లకు ఆటలు నేర్పించే రీఇన్‌ఫోర్స్‌మెంట్ లెర్నింగ్‌లోనూ ఇదే లెక్క నడుస్తుంది. ఆ రంగానికి పునాది వేసిన బార్టో, సట్టన్‌లకు 2024 సంవత్సరానికి కంప్యూటర్ సైన్స్‌లో అతి పెద్ద గౌరవమైన ట్యూరింగ్ అవార్డు వచ్చింది. కుక్కకు గంట కొట్టి అన్నం పెట్టిన ప్రయోగాల దగ్గర మొదలైన దారి అక్కడి దాకా వెళ్లింది. ఈ దారి పొడుగునా నడవాలని నీకు అనిపిస్తే, కలిపి చదివే కోర్సు నీలాంటివాళ్ల కోసమే.

మన నేల మీద జరిగిన పని కూడా తెలుసుకో. హైదరాబాద్ నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం మతిమరుపు వ్యాధి వచ్చిన 648 మందిని పరిశీలించి 2013లో ప్రచురించింది. ఒక్క భాషే వచ్చినవాళ్లతో పోలిస్తే, రెండు మూడు భాషలు మాట్లాడేవాళ్లలో ఆ వ్యాధి సగటున నాలుగున్నర ఏళ్లు ఆలస్యంగా మొదలైంది. చదువు రానివాళ్లలోనూ ఆ తేడా కనిపించింది. ఇది గమనించి తేల్చిన విషయమే గానీ ప్రయోగం చేసి నిరూపించినది కాదు, కాబట్టి భాషలే కారణమని అప్పుడే గట్టిగా అనలేం. అయినా న్యూరాలజీ, భాష, సైకాలజీ ఒక చోట చేరితే మన ఊళ్ల నుంచి ప్రపంచానికి ఏం చెప్పొచ్చో చూడు. ఇంట్లో తెలుగు, వీధిలో ఉర్దూ, బడిలో ఇంగ్లిషు మాట్లాడే మనుషులు మనకున్నంతగా చాలా దేశాలకు లేరు.

ఇక చదువు లోపల ఏముంటుందో. మొదటి ఏడాది న్యూరోసైన్స్ వైపు కణం, అయాన్లు, నరాల కణాలు ఒకదానితో ఒకటి కలిసే సైనాప్స్, మెదడు నిర్మాణం ఉంటాయి. విశ్రాంతిలో ఉన్న న్యూరాన్ (నరాల కణం) లోపల సుమారు మైనస్ 70 మిల్లీవోల్టులు ఎందుకుంటుంది, సోడియం లోపలికి దూకితే ఏమవుతుంది అన్న చోట బైపీసీ పిల్లలు ఫిజిక్సు మరిచిపోయి తడబడతారు. హాడ్జ్‌కిన్, హక్స్‌లీ అనే శాస్త్రవేత్తలు స్క్విడ్ అనే సముద్రజీవి నరం మీద చేసి 1952లో ప్రచురించిన పని అర్థమైతే ఆ గండం గడిచినట్టే. సైకాలజీ వైపు జ్ఞాపకశక్తి, ఎదుగుదల, సామాజిక ప్రవర్తన, వ్యక్తిత్వం ఉంటాయి. వీటి కన్నా ఎక్కువ సమయం తినేది పరిశోధన పద్ధతులు, స్టాటిస్టిక్స్, ప్రాక్టికల్ రిపోర్టులు. సైకాలజీ అంటే కథలు, సలహాలు అనుకుని వచ్చినవాళ్లు ఇక్కడే కంగుతింటారు.

ప్రాక్టికల్ ఎలా ఉంటుందో ఒకటి చూపిస్తాను, ఇంట్లోనే చెయ్యొచ్చు. 1935లో స్ట్రూప్ అనే ఆయన చేసింది. ‘ఎరుపు’ అన్న మాటను పచ్చ సిరాతో రాసి, మాట చదవకుండా సిరా రంగు చెప్పమంటారు. నోరు తడబడుతుంది, ఆలస్యమవుతుంది. నా క్లాసులో దీన్ని తెలుగులో ఒకసారి, ఇంగ్లిషులో ఒకసారి చేయిస్తాను. తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లు తెలుగు మాటల దగ్గర ఎక్కువ తడబడతారు, చిన్నప్పటి నుంచీ ఇంగ్లిషులో చదివినవాళ్లలో కొందరు తెలుగు మాటల దగ్గర హాయిగా దాటేస్తారు. చదవడం ఎంత అలవాటైతే అంత ఆపుకోలేం. ఆ తర్వాత అసలు పని మొదలవుతుంది. ఎంతమందిని తీసుకున్నావు, ఏ వరసలో చూపించావు, అలసట వల్ల వచ్చిన తేడా ఎంత, ఈ తేడా యాదృచ్ఛికంగా వచ్చింది కాదని ఎలా చెబుతావు? పది నిమిషాల ఆటకు పది పేజీల రిపోర్టు. ఇది విసుగనిపిస్తే ఈ డిగ్రీ భారమవుతుంది. ఇందులో పట్టుదల పుడితే నీకు తిరుగులేదు.

లెక్కల భయం గురించి అడిగావు. క్యాలిక్యులస్ రాదని ఎవరూ నిన్ను వెనక్కి పంపరు. స్టాటిస్టిక్స్ నుంచి మాత్రం తప్పించుకోలేవు, తప్పించుకోకూడదు కూడా. 2009లో క్రెయిగ్ బెన్నెట్ బృందం చచ్చిపోయిన సాల్మన్ చేపను, మెదడులో ఏ చోటు చురుగ్గా ఉందో చూపించే ఎఫ్ఎంఆర్ఐ యంత్రంలో పెట్టి దానికి మనుషుల ఫొటోలు చూపించింది. వేలకొద్దీ చోట్ల ఒకేసారి పరీక్షిస్తూ, అందుకు చెయ్యాల్సిన సవరణ చెయ్యకపోతే, చచ్చిన చేప మెదడులో కూడా ‘చురుకుదనం’ కనిపించింది. 2015లో సైకాలజీలోని 100 ప్రచురిత ప్రయోగాలను వేరేవాళ్లు మళ్లీ చేసి చూస్తే, మూడో వంతుకు కాస్త పైగా మాత్రమే స్పష్టంగా నిలబడ్డాయి. మెదడు రంగుల బొమ్మ చూపించి ఎవరేం చెప్పినా నమ్మేసే కాలంలో ఉన్నాం. గణాంకాలు తెలిసిన మనిషి ‘ఇది ఎంతమంది మీద చేశారు?’ అని అడగగలుగుతుంది. రెండు సబ్జెక్టులనూ కలిపే అసలు తాడు ఇదే. కాబట్టి మొదటి ఏడాది నుంచే ఆర్, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషల్లో ఒకటి పట్టుకో. పైకి వెళ్లి న్యూరాన్లను కంప్యూటర్లో నమూనా కట్టే వైపు పోవాలంటే అప్పుడు లెక్కలు గట్టిగా కావాలి, ఆ వైపు ఎంపీసీ పిల్లలకు మొగ్గు ఉంటుంది.

ఇప్పుడు నాన్నగారు అడిగే ప్రశ్న: చదివాక ఏమిటి? మందులు రాయాలంటే సైకియాట్రిస్టు గానీ న్యూరాలజిస్టు గానీ అవ్వాలి. దానికి ఎంబీబీఎస్ తప్ప దారి లేదు. ఎంబీబీఎస్ ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్లు, సైకియాట్రీలో ఎండీ ఇంకో మూడేళ్లు, న్యూరాలజీ అయితే ఎండీ తర్వాత డీఎం మరో మూడేళ్లు. నీ మనసులో ఉన్నది అదే అయితే నాన్నగారి మాటే సరైనది, ఈ డిగ్రీ దానికి అడ్డదారి కాదు.

మనుషులను పరీక్షించి థెరపీ ఇవ్వాలంటే క్లినికల్ సైకాలజిస్టు అవ్వాలి. మన దేశంలో దానికి కేంద్ర ప్రభుత్వ సంస్థ అయిన రిహాబిలిటేషన్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ కావాలి, 1992 చట్టం ప్రకారం అది లేకుండా ప్రాక్టీసు చెయ్యకూడదు. ఇన్నేళ్లూ దానికి దారి ఎంఏ లేదా ఎమ్మెస్సీ సైకాలజీ తర్వాత రెండేళ్ల ఎంఫిల్. యూజీసీ 2022 నిబంధనలతో ఎంఫిల్‌ను ఎత్తేసింది, క్లినికల్ సైకాలజీకి మాత్రం 2025-26 వరకు గడువు ఇచ్చింది. దాని స్థానంలో కౌన్సిల్ ఎంఏ క్లినికల్ సైకాలజీ లాంటి కొత్త కోర్సులు తెచ్చింది. 2021లో వచ్చిన అలైడ్ హెల్త్‌కేర్ (వైద్య అనుబంధ వృత్తుల) చట్టం వల్ల కూడా నియమాలు మారుతున్నాయి. 2025 జులై-ఆగస్టు నుంచి సైకాలజీని దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో ఇవ్వకూడదని యూజీసీ ఆపేసింది. ‘ఉద్యోగం చేసుకుంటూ డిస్టెన్స్‌లో ఎంఏ సైకాలజీ’ అని ఎవరైనా సలహా ఇస్తే అది పాత మాట. మూడు నెలల సర్టిఫికెట్‌తో సైకాలజిస్టు బోర్డు పెట్టుకోవచ్చని చెప్పేవాళ్ల జోలికి అసలు పోవద్దు. నమ్మి వచ్చిన మనిషి ప్రాణంతో ఆడుకోవడం అది.

పరిశోధన వైపైతే ఎమ్మెస్సీ, ఆపైన పీహెచ్‌డీ. ఈ కలయిక డిగ్రీకి అసలైన విలువ ఇక్కడే. మొదటి జీతం ఆలస్యంగా వస్తుంది, పీహెచ్‌డీలో స్టైఫండ్ వస్తుంది. వీటితో పాటు మెదడు తరంగాలను నమోదు చేసే ఈఈజీ ల్యాబులు, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కేంద్రాలు, మందుల పరీక్షలు జరిపే సంస్థలు, యాప్ వాడేవాళ్ల ప్రవర్తన గమనించే యూఎక్స్ రీసెర్చ్ ఉద్యోగాలు ఉన్నాయి. వీటిలో చాలావాటికి డిగ్రీ పేరు కన్నా నువ్వు డేటాతో ఏం చెయ్యగలవన్నదే ముఖ్యం.

ఇంగ్లండ్ సంగతి. కింగ్స్ కాలేజ్ లండన్, కీల్ లాంటి చోట్ల ఈ రెండూ కలిపిన బీఎస్సీ ఉంది. ఎక్కడ చేరినా ముందు ఒకటి చూడు: ఆ కోర్సుకు బ్రిటిష్ సైకలాజికల్ సొసైటీ గుర్తింపు ఉందా? అది ఉండి, చివరి ఏడాది ప్రాజెక్టు పాసై, కనీసం లోయర్ సెకండ్ క్లాస్ వస్తే, తర్వాత అక్కడ సైకాలజీ వృత్తి చదువులకు అర్హత నిలుస్తుంది. కలిపి చదివే కోర్సులన్నిటికీ ఆ గుర్తింపు ఉండదు. కొన్నిటిలో ఏ మాడ్యూళ్లు (విడి పేపర్లు) ఎంచుకున్నావు, ప్రాజెక్టు సైకాలజీలో చేశావా అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఇది అడ్మిషన్స్ వాళ్లను మెయిల్‌లో రాతపూర్వకంగా అడుగు. కన్సల్టెన్సీ వాళ్ల నోటిమాట మీద ఆధారపడకు.

ఫీజు ఒక్కటే ఏడాదికి పాతిక లక్షలు దాటే చోట్లే ఎక్కువ, లండన్‌లో గది అద్దె, తిండి అదనం. అంత పెట్టి చదివాక అక్కడే క్లినికల్ సైకాలజిస్టు అవుతానంటే దారి చాలా ఇరుకు. అందుకు కావాల్సిన డాక్టరేట్‌ను మూడేళ్లు అక్కడి ప్రభుత్వ వైద్య వ్యవస్థ ఎన్‌హెచ్‌ఎస్ జీతమిచ్చి చదివిస్తుంది కాబట్టి అక్కడివాళ్లకే పోటీ విపరీతం, బయటి దేశాల పిల్లలకు సీట్లు చాలా అరుదు. ఇల్లో పొలమో తాకట్టు పెట్టి ఈ బీఎస్సీకి వెళ్లడాన్ని నేను ఒప్పుకోను. డబ్బు ఇబ్బంది లేని కుటుంబమైతే, మంచి ల్యాబులున్న చోటైతే, వెళ్లి రమ్మంటాను. మధ్యతరగతి ఇంటి బిడ్డవైతే డిగ్రీ ఇక్కడ చేసి, స్కాలర్‌షిప్‌తో పీజీకో, పూర్తి స్టైఫండ్ ఉన్న పీహెచ్‌డీకో బయటికి వెళ్లడం తెలివైన పని.

ఇక్కడ ఎలా అంటే, ఈ పేరుతో డిగ్రీ కోసం వెతక్కుండా రెండు ముక్కలనూ నువ్వే కూర్చుకో. 2023-24లో మన రాష్ట్రంలో డిగ్రీకి ఒక మేజర్ (ప్రధాన సబ్జెక్టు), దానికి తోడు ఒక మైనర్ పద్ధతి వచ్చింది. క్లినికల్ వైపు మనసుంటే సైకాలజీనే మేజర్ చేసుకోవడం క్షేమం, జువాలజీనో బయోటెక్నాలజీనో మైనర్. పరిశోధన వైపైతే దీనికి తిరగేసి. విజయవాడ, గుంటూరుల్లో ఏ కాలేజీకి వెళ్లినా ప్రాస్పెక్టస్ చూసి వచ్చెయ్యకు. సైకాలజీ ల్యాబు తలుపు తీయించి చూడు, బోధించేవాళ్లు ఆ సబ్జెక్టులో పీజీ చేసినవాళ్లేనా అని అడుగు, పోయినేడు పిల్లలు చేసిన ప్రాజెక్టు ఒకటి చూపించమను. శ్రీసిటీలోని క్రియా యూనివర్సిటీలో సైకాలజీ, బయాలజీ రెండూ ఉన్నాయి, ఖర్చు ఎక్కువే. సైన్స్ చదువులకు కేంద్రం పెట్టిన సంస్థ తిరుపతి ఐసర్‌లో ఐదేళ్ల బీఎస్-ఎంఎస్‌కు సొంత ప్రవేశ పరీక్ష ఉంది, నీట్‌కు చదివిన బయాలజీ అక్కడ అక్కరకొస్తుంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో హెల్త్ సైకాలజీ ఐదేళ్ల కోర్సు ఉంది. అక్కడే న్యూరల్ అండ్ కాగ్నిటివ్ సైన్సెస్ కేంద్రం పీజీ నడుపుతోంది, డిగ్రీ తర్వాత నువ్వు చూడాల్సిన మొదటి చోటు అది. అలహాబాద్ యూనివర్సిటీ, ఐఐటీ గాంధీనగర్‌లలో కాగ్నిటివ్ సైన్స్ (మనసు ఎలా ఆలోచిస్తుందో చదివే శాస్త్రం) పీజీ ఉంది. మనేసర్‌లోని నేషనల్ బ్రెయిన్ రీసెర్చ్ సెంటర్, బెంగళూరులోని ఐఐఎస్‌సీ, నిమ్హాన్స్ ఆపై చదువులకు. డిగ్రీ మధ్యలో సైన్స్ అకాడమీలు ఇచ్చే వేసవి రీసెర్చ్ ఫెలోషిప్‌కు తప్పకుండా దరఖాస్తు పెట్టు. మంచి ల్యాబులో గడిపిన ఒక వేసవి రెండు సెమిస్టర్లకు సమానం.

లాంగ్‌టర్మ్ విషయంలో నాన్నగారితో పోట్లాడకు. ఆయన భయం అర్థం చేసుకోదగ్గదే. మన వైపు డాక్టరు, ఇంజనీరు తప్ప మూడో చదువు పేరు చెబితే చుట్టాలు ‘అంటే ఏం చేస్తుంది?’ అని ఆయన్నే నిలదీస్తారు. ‘సైకాలజీ చదివితే సంబంధాలు వస్తాయా’ అనేవాళ్లు కూడా ఉంటారు. నీట్ మార్కులు కటాఫ్‌కు దగ్గరగా ఉండి, డాక్టరు కావాలన్న కోరిక నీకే బలంగా ఉంటే ఒక ఏడాది కూర్చో, అందులో నష్టం లేదు. మార్కులు దూరంగా ఉండి, నీ మనసు అక్కడ లేకపోతే మాత్రం ఆ ఏడాది నీ చదువు మీద ఇష్టాన్నే తినేస్తుంది. రెండేసి మూడేసి సార్లు లాంగ్‌టర్మ్ చేసి, నిద్రపట్టక నా దగ్గరికి వచ్చిన పిల్లల్ని చూశాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను. నాన్నగారి ముందు ‘నాకిది ఇష్టం’ అని మాత్రమే అనకు. డిగ్రీ ఎక్కడ, ఎంత ఖర్చు, తర్వాత ఏ పీజీ, దాని ప్రవేశ పరీక్ష ఏది, మొదటి జీతం సుమారుగా ఏ వయసులో, ఇవన్నీ ఒక కాగితం మీద రాసి చూపించు. లెక్క కనిపిస్తే పెద్దవాళ్లు వింటారు.

పరీక్షలయ్యాక రెండు నెలలు ఖాళీ ఉంటుంది. కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ చదువుల వేదిక ‘స్వయం’లో న్యూరోసైన్స్ కోర్సు ఒకటి, సైకాలజీ పరిచయం ఒకటి ఉచితంగా మొదలుపెట్టు. ఇలాంటి ప్రయోగాలు తయారు చేసుకునే సైకోపై అనే ఉచిత సాఫ్ట్‌వేర్ దించుకుని, నేను చెప్పిన స్ట్రూప్ ప్రయోగాన్ని తెలుగు, ఇంగ్లిషు రెండింటిలోనూ తయారు చేసి ఇంట్లో, చుట్టాలింట్లో ఇరవై మంది మీద చెయ్యి. వచ్చిన అంకెలను జాస్ప్ అనే స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్‌లో పెట్టి చూడు, అదీ ఉచితమే. ఆ పని చేస్తున్నప్పుడు గంటలు తెలియకుండా గడిచాయో, ఎప్పుడు అయిపోతుందా అనిపించిందో రాసి పెట్టుకో. అది నా సలహా కన్నా నమ్మదగ్గది. ఇంగ్లండ్ నుంచి ఆఫర్ వస్తే ఆ కోర్సు మూడేళ్ల మాడ్యూళ్ల జాబితా ఇక్కడ పెట్టు. స్టాటిస్టిక్స్ ఎంత ఉంది, ల్యాబు గంటలు ఎన్ని, చివరి ప్రాజెక్టు ఏ విభాగంలో అన్నది వరసగా చూసి చెబుతాను.